జాడ తెలియని తల్లులు

డాక్టర్ మధుమిత ఆ ప్రసూతి విభాగంలో చేరేనాటికి అక్కడ పరిశోధన అనే మాటకు ఒకటే అర్థం ఉండేది. పీజీ విద్యార్థులు పరీక్షకు ముందు సమర్పించవలసిన థీసిస్ అన్నదే ఆ అర్థం. అంశాన్ని పాత థీసిస్‌ల అట్టలు చూసి ఎంచుకునేవారు. పేరు మారేది, సంవత్సరం మారేది, ఫలితం మాత్రం ఎన్నడూ ఎవరినీ నొప్పించేది కాదు. ఉత్తర చెన్నైలోని ఆ బోధనాసుపత్రిలో ఏటా వేలమంది స్త్రీలు ప్రసవించేవారు. వాళ్ల వల్ల వైద్యశాస్త్రం కొత్తగా తెలుసుకున్నది ఏమీ లేదు.

అటువంటి చోటికి, వైద్య కళాశాలల ప్రసూతి విభాగాల్లో పరిశోధనా సామర్థ్యాన్ని పెంపొందించే పథకం ఒకటి వచ్చింది. విరిగిన సెలైన్ స్టాండ్లు పడేసే గదిని ఖాళీ చేయించి, గాజు తలుపు బిగించి, ఏసీ పెట్టారు. ముందు గది వచ్చింది, తరువాత బోర్డు వచ్చింది, చివరకు కంప్యూటర్లు కూడా వచ్చాయి. పరిశోధన ఒక్కటే రావలసి ఉండింది.

దానిని తీసుకురావలసిన బాధ్యత మధుమిత మీద పడింది. పడింది అనడం కంటే ఆమె అడిగి తీసుకున్నది అనడమే సరైన మాట. చెన్నైలోని చూలై పేటలో కాగితం టోకు వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టి, ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివి, నలభై దాటిన ఆమెకు ఉద్యోగంలో మిగిలిన కోరిక ఒకటే: తన విభాగం నుంచి ఒక్క అధ్యయనమైనా మొదటి నుంచి చివరి దాకా నిజాయితీగా జరగాలి. రక్తహీనత ఉన్న గర్భిణులలో కొందరికి రోజూ ఇనుము మాత్రలు, మరికొందరికి నరం ద్వారా ఒక్కసారి ఎక్కించే ఇనుము ఇచ్చి, తల్లి రక్తం ఎంత పుంజుకున్నదో, బిడ్డ ఎలా పుట్టిందో పోల్చి చూడటం ఆమె ఎంచుకున్న పని. హైదరాబాదు నుంచి పథకం తరఫున శిక్షణకు వచ్చిన ప్రొఫెసర్ జయరామ్ ఆ ప్రణాళికను మెచ్చుకున్నాడు. ఒక్క విషయం మాత్రం నొక్కి చెప్పాడు: మధ్యలో జాడ తెలియకుండా పోయే తల్లులు పెరిగితే అధ్యయనానికి విలువ ఉండదు, మంచి పత్రిక ఏదీ దాన్ని ముట్టుకోదు.

ఏడో నెల దాకా తల్లులు క్రమం తప్పకుండా వచ్చారు. ఆ తరువాత ఒక్కొక్కరే రావడం మానేశారు. మొదట వాన అనుకున్నారు, తరువాత పండుగ అనుకున్నారు. చివరకు మధుమిత తానే ఫోన్ పట్టుకుని కూర్చుంది. పెరంబూరులో రైలు పెట్టెల కర్మాగారంలో కాంట్రాక్టు పని చేసే కిట్టు అనే యువకుడు మొదట దొరికాడు. అతని భార్య ఆశ నరం ద్వారా ఇనుము ఎక్కించుకున్న వాళ్లలో ఒకరు.

"ఆశనా? ఆమె ఈడ లేదు గదా డాక్టరమ్మా. వళకాప్పు, అదే సీమంతం, అయిపోయింది. గాజులేసి వాళ్లమ్మ ఎన్నూరికి తీసుకొనిపోయింది. మొదటి కాన్పు గదా! మీ ఇండ్లలో ఎట్లా, అత్తింట్లోనే కనేస్తారా?"

అవతల ఎవరో నవ్వడం వినిపించింది. మధుమితకు నవ్వు రాలేదు. తన మొదటి కాన్పుకు ఆమె కూడా అణ్ణానగర్‌లోని అత్తవారింటి నుంచి చూలైలోని తల్లి దగ్గరికి వెళ్లింది. అయినా అధ్యయనంలో చేర్చుకున్న ప్రతి స్త్రీనీ అడిగి రాసుకున్నది భర్త పేరు, భర్త చిరునామా, భర్త ఫోన్ నెంబరు. ఆసుపత్రి చీటీలో ఏళ్ల తరబడి అదే అడుగుతున్నారు కనుక అధ్యయనంలో కూడా అదే అడిగారు.

విభాగాధిపతి డాక్టర్ కోకిల ఈ మాట విని కళ్లలో నీళ్లు వచ్చేటంతగా నవ్వింది.

"ఐయో మధూ! ఈ డిపార్ట్‌మెంటులో అందరమూ పుట్టింట్లో కన్నవాళ్లమే గదే! నేను పెరంబూరులో మా అమ్మ చేతి పత్యం తిన్నదాన్నే గదా. ఒక్కదానికన్నా తోచిందా చూడు. ఇంక ఆ జయరామ్ అయితే, ఆయన మాత్రం యాడ పుట్టినాడంటావు?"

"తల్లుల ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లాలి మేడమ్. వారంలో రెండు పూటలు ఓపీ నుంచి వదిలితే చాలు."

"వదిలితే ఓపీ ఎవురు చూస్తారు, నీ కంప్యూటరా? ఆదివారం పో. ఎవురు వద్దన్నారు?"

మధుమిత ఆదివారాలు వెళ్లింది. సబర్బన్ రైళ్లు ఎక్కింది, షేర్ ఆటోల్లో ఇరుక్కుని కూర్చుంది. గుడిసెల ముందు, క్వార్టర్ల మెట్ల మీద, తలస్నానం చేయించిన బాలింతల పక్కన కూర్చుని రక్తం తీసుకుంది, పిల్లలను తూచింది. తల్లుల తల్లులు మొదట ఆమెను ఏదో అమ్ముకోవడానికి వచ్చినదానిలా చూసి, తరువాత కాఫీ ఇచ్చారు. జాడ తెలియని తల్లులు చాలామంది తిరిగి దొరికారు. తన విద్యార్థి దశలో కూడా ఎరుగని సంతోషం ఆమెకు ఆ నెలల్లో కలిగింది. తిరగవలసిన ఇళ్లు ఇంకా కొన్ని ఉన్నాయనగా ఆసుపత్రికి తనిఖీ బృందం వస్తుందన్నారు. కోకిల ఆమెను ఆదివారాలతో సహా లేబర్ వార్డు డ్యూటీలో వేసింది. మిగిలిన పనిని ఫోన్ల మీద పూర్తి చేసే బాధ్యత పీజీ విద్యార్థిని సరణ్యకు అప్పగించింది.

తనిఖీ ముగిసి మధుమిత గాజు తలుపు గదిలోకి తిరిగి వచ్చేసరికి పట్టికలో ప్రసవ వివరాల గడి ఒక్కటి కూడా ఖాళీగా లేదు. ఆమె సరణ్య భుజం తట్టి, కాంటీన్ నుంచి గదిలో అందరికీ బాదం పాలు తెప్పించింది.

ప్రసవమైన కొన్ని వారాలకు తల్లి రక్తాన్ని మరొకసారి పరీక్షించాలని ప్రణాళికలో ఉంది. ఫోన్‌లో రక్తం తీయడం సాధ్యం కాదు కనుక, తరువాతి ఆదివారం మధుమిత ఎన్నూరు వెళ్లింది. ఆశకు సుఖప్రసవమైందని, బిడ్డ రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములని పట్టికలో ఉంది. దారిలో ఆమె ఒక గిలక్కాయ కొన్నది.

ఇల్లు ఉప్పుటేటికి దగ్గరగా ఉంది. ఆశ తండ్రి చిన్నప్ప ఒకప్పుడు ఆ ఏట్లో రొయ్యలు పట్టేవాడు. ఇప్పుడు లారీల యార్డులో కాపలా ఉంటున్నాడు. వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతున్న ఆశ తల్లి మునియక్క, వచ్చినది ఆసుపత్రి డాక్టరని విని లేవలేదు. మధుమిత చేతిలోని గిలక్కాయను మాత్రం చూసింది.

"అది ఎవురికి?"

"బిడ్డకు."

"యా బిడ్డకి?"

మునియక్క చేట పక్కన పెట్టింది.

"కడుపులో కదలిక లేదంటే ఈడ ఉండే ఆస్పత్రికి తీసుకొనిపోయినాము. పెద్దాస్పత్రికి పోండి అన్నారు. యాడ పోయేది? కంటైనర్ లారీలు ఈడ్నించి ఆ కొస దాకా నిలబడుండాయి. ఆటోవాడు సగం దూరం పోయి తిప్పుకొచ్చేసినాడు. తిరిగి ఈడే కనింది. మగపిలకాయ. ఏడవలా."

"మాకు ఒక్క ఫోన్ చేసి ఉంటే..."

"చేస్తే? మీరు లారీలు తీసేస్తారా?" అని మునియక్క గట్టిగా అడిగింది. "ఇనుము ఎక్కిస్తే బిడ్డ బొద్దుగా పూబంతిలాగా పుడతాడని చెప్పినారంట గదా మీ ఆస్పత్రోళ్లు. ఇప్పుడు దేనికొచ్చినావమ్మా? ఇంకా నెత్తురు కావాల్నా?"

"అమ్మా, నువ్వు ఊరుకో" అంటూ లోపలి నుంచి ఆశ వచ్చింది. వయసు ఇరవై మూడు ఉంటుందేమో. చేతులకు వళకాప్పు గాజులు లేవు. మధుమిత ముందు నేల మీద కూర్చుని, అడగకుండానే చేయి చాచింది. మధుమిత రక్తం తీసింది.

"బిడ్డ బరువు ఎంతో చెప్పారా?"

"తూచలేదు. పేరు కూడా రాయలేదు. పుట్టి చచ్చిపోతే సర్టిఫికెట్ ఇస్తారంట, చచ్చి పుడితే ఏం ఇస్తారు అన్నారు. చీటీలో కూడా సరిగ్గా ఏమీ రాయలా. మా నాయన ఏటి పక్కన పూడ్చేసినాడు." ఆశ దూదిని అదిమిపెట్టుకుంది. "మీ దాంట్లో రాసుకుంటారు గదా డాక్టరమ్మా? చేర్చుకునేటప్పుడు చెప్పినారే, ఏం జరిగినా అంతా రాసుకుంటామని. మా పిలకాయని రాసుకోండి. ఎవురూ రాయలా."

"రాస్తాను" అన్నది మధుమిత.

గిలక్కాయను తిరిగి సంచిలో పెట్టుకోవడం ఎలాగో తెలియక, అరుగు మీద వదలడం అంతకంటే ఘోరమని, చివరకు దాన్ని చీరకొంగు కింద దాచుకుని ఆమె రోడ్డు దాకా నడిచింది.

మరునాడు ఆమె సరణ్యను గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి అడిగింది.

"ఆశ బిడ్డ బరువు నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మ్యామ్. వాళ్లు ఫోనే ఎత్తలేదు."

"మరి ఆ అంకె?"

సరణ్య పెద్దగా కంగారుపడలేదు. "దొరకనివాళ్లకి వేసేయమని కోకిల మ్యామ్ చెప్పారు మ్యామ్. మన వార్డు సగటు చుట్టూ వేశాను. ఎవరికీ సరిగ్గా సగటే వేయలేదు. కొంచెం ఎక్కువా, కొంచెం తక్కువా వేశాను. చివరి అంకెలు కూడా మార్చాను. అన్నీ సున్నాతో ముగిస్తే దొరికిపోతాం కదా."

"ఇది నీకు ఎక్కడ తెలిసింది?"

"జయరామ్ సార్ వర్క్‌షాప్‌లోనే మ్యామ్. కల్పించిన డేటాను ఎట్లా గుర్తుపట్టాలో ఒక పూటంతా చెప్పారు గదా."

మధుమిత ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. అందులో దొంగతనం లేదు. చెప్పిన పాఠాన్ని బాగా నేర్చుకున్న విద్యార్థిని తృప్తి మాత్రమే ఉంది. పథకం మీద ఎవరు ఎన్ని అన్నా, సామర్థ్యం పెంపొందిన మాట వాస్తవం.

కోకిల తన గదిలో భోజనం చేస్తున్నది. మధుమిత చెప్పినదంతా విని, పెరుగన్నం గిన్నె మూతపెట్టి పక్కకు జరిపింది.

"ఆ పిల్లని అనేదానికి లేదు. వేయమని నేనే అన్నాను. చూడు మధూ, ఎన్నూరు కాన్నించి ఇంత దూరంలో యాడ కేసు చెడిపోయినా కడకు తోలేది ఎవురి మీదికి? మన మీదికే గదా? ముప్పై ఏండ్లుగా చూస్తా ఉండా. చెడ్డది జరిగుంటే మన గుమ్మంలోకే వచ్చుండాల. రాలేదంటే బాగుండారనే అర్థం. నేను ఊరికే సుమ్మా వేయమన్లా."

"ఆశ రాలేదు మేడమ్. బయలుదేరింది, కానీ చేరలేదు. మీ లెక్కలో చేరలేనివాళ్లందరూ సుఖంగా ప్రసవించారు."

కోకిల కఠినురాలు కాదు. ఎందరో స్త్రీలను తన చేతులతో చావు నుంచి లాగిన మనిషి. ఆమె పేరే పెట్టుకున్న ఆడపిల్లలు పెరంబూరు వీధుల్లో ఉన్నారు.

"సరి. ఆ బిడ్డని మార్చేద్దాం. చచ్చి పుట్టినాడనే రాయి. సరిపోయిందా?"

"మిగతావాళ్లు?"

"వాళ్లు బాగుండారు."

"మీకెలా తెలుసు?"

"లేరని నీకెట్లా తెలుసు?"

"నాకూ తెలియదు. తెలియదనే రాద్దాం."

"తెలీదని రాసేదానికి ఏసీ గది ఎందుకే?" కోకిల గొంతు పెరిగింది. "పథకం నిలిస్తే పీజీ సీట్లు పెరుగుతాయి. సీట్లు పెరిగితే డ్యూటీకి డాక్టర్లు పెరుగుతారు. అప్పుడు ఇట్లాంటి ఇంకో ఆశ బతికి బట్టకట్టిన బిడ్డతో ఇంటికి పోతాది. అది కనపడలేదా నీకు? నీకు నీ చేతులు శుభ్రంగా ఉండాల, అంతే గదా? ప్రసవం చేసే చేతులే యాడ శుభ్రంగా ఉంటాయి!"

ఆ వాదనలో నిజం బొత్తిగా లేకపోతే మధుమితకు ఆ రాత్రి నిద్ర పట్టేది. ఆమె ఒక్క సంగతి దగ్గర మాత్రం ఆగిపోయింది. ఆశ బిడ్డను ఆ పట్టికలో చేర్చితే, ఆ ఒక్క మరణం చుట్టూ ఉన్న కల్పిత జననాలన్నిటికీ అది సాక్ష్యమవుతుంది. ఒక చెడ్డ ఫలితం కూడా చూపించారు కనుక మిగిలినవన్నీ నిజమేనని చదివేవాళ్లు నమ్ముతారు. మర్నాడు ఆమె ఆ మాటే చెప్పింది: మారిస్తే అన్నీ మార్చాలి, లేకపోతే తన పేరు తీసేయాలి.

"అయితే ఏదీ మార్చను. పేరు తీసేస్తా" అన్నది కోకిల.

మధుమిత జయరామ్‌కు రాసింది. విభాగాలు తమ అంతర్గత సమస్యలను తామే పరిష్కరించుకోగలగడమే ఈ పథకం ఆశించే సామర్థ్యమని, తాను జోక్యం చేసుకుంటే ఆ ఎదుగుదలకు అడ్డు తగిలినట్టవుతుందని ఆయన ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. కళాశాల నైతిక సంఘానికి రాసింది. అధ్యయనం నుంచి స్వయంగా తప్పుకున్న వ్యక్తికి దాని గురించి ఫిర్యాదు చేసే అర్హత ఉంటుందా అనే విషయాన్ని పరిశీలిస్తున్నామని వాళ్లు తెలియజేశారు. వాళ్లు ఇప్పటికీ పరిశీలిస్తున్నారు.

వ్యాసం మంచి పత్రికలోనే అచ్చయింది. ఒక్క తల్లి జాడ కూడా తప్పిపోకపోవడాన్ని సంపాదకులు ప్రత్యేకంగా ప్రశంసించారు. తల్లుల పుట్టిళ్లకు వెళ్లి వివరాలు సేకరించే పద్ధతిని మిగతా కళాశాలలు ఆదర్శంగా తీసుకోవాలని పథకం వారు సూచించారు. కోకిల ఘనంగా పదవీ విరమణ చేసింది. సరణ్య చదువు ముగించి అక్కడే ఉద్యోగంలో చేరి, గాజు తలుపు గదికి బాధ్యురాలయింది. వరండాలో ఎదురైనప్పుడు ఆమె ఇప్పటికీ "గుడ్ మార్నింగ్ మ్యామ్" అని నిలబడుతుంది. మధుమితకు ఓపీ మిగిలింది. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఆమె ఓపీ చూస్తుంది. ఆ గది వైపు వెళ్లదు. కొత్తగా చేరిన పీజీలకు ఆమె ఒకప్పుడు ఆ పని చేసిందన్న సంగతి కూడా తెలియదు.

ఒక రోజు ఓపీలో ఆమె ఎదుటి స్టూలు మీద ఆశ కూర్చుంది. వెనుక కిట్టు సంచి పట్టుకుని నిలబడ్డాడు. నాలుగో నెల.

"గుర్తుపట్టినారా డాక్టరమ్మా?"

"మునియక్క కూతురివి. అమ్మ ఎలా ఉంది?"

"అట్లే ఉండాది, అందర్నీ తిట్టుకుంటా" అని ఆశ నవ్వింది. మధుమిత పరీక్ష చేసి, అంతా బాగానే ఉందని చెప్పి, మందులు రాస్తుండగా ఆశ కొంచెం ముందుకు వంగి గొంతు తగ్గించింది. "మా పిలకాయని రాసినారా?"

మధుమిత చీటీ మీద నుంచి తల ఎత్తింది. రాశానని చెప్పడం తేలిక. వ్యాసం ఈ అమ్మాయి చేతికి ఎన్నడూ రాదు, వచ్చినా చదవలేదు. కానీ ఆ పట్టిక అబద్ధమని వదిలి వచ్చిన మనిషి ఇప్పుడు అందులో తన నోటితో మరొక గడి నింపలేకపోయింది.

"లేదమ్మా."

"ఎందుకని?"

రాయనివ్వలేదని చెబితే సగమే నిజం. ఒక దశలో రాయమనే అన్నారు. తానే ఒప్పుకోలేదు. ఆ మిగతా సగాన్ని ఈ అమ్మాయికి ఏ మాటల్లో చెప్పినా, చనిపోయిన కొడుకు కంటే డాక్టరమ్మ పట్టుదల పెద్దదన్నట్టే వినిపిస్తుంది. అది కాదని అనడానికి మధుమిత దగ్గర కూడా రుజువేమీ లేదు.

"కుదరలేదు" అన్నది.

"మీరు పెద్ద డాక్టరే గదా?" అన్నది ఆశ. నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

అప్పుడే ఒక పీజీ అమ్మాయి చేతిలో ట్యాబ్‌తో లోపలికి వచ్చింది. వరుసలోని గర్భిణులను చూసుకుంటూ వస్తున్నది. "అక్కా, నాలుగో నెలనా? మన పరిశోధన విభాగంలో కొత్త స్టడీ ఒకటి జరుగుతోంది. చేరితే స్కాన్‌లు క్యూలో నిలబడకుండా అయిపోతాయి. ఈడ వేలితో సంతకం పెడితే చాలు. మీ అమ్మగారింటి అడ్రస్ కూడా చెప్పండి."

కిట్టు ఉత్సాహంగా సంచి కింద పెట్టాడు. "పెట్టు ఆశా, క్యూ ఉండదంట!"

ఆశ వేలు చాచి, తెర మీద ఆనించబోతూ ఆగి, మధుమిత వైపు తిరిగింది. "ఈ తూరన్నా రాస్తారా డాక్టరమ్మా?"

"అంతా రాస్తాం అక్కా, ఏదీ వదలం" అన్నది పీజీ అమ్మాయి నవ్వుతూ. ఆ అమ్మాయి ఆ మాటను మనస్ఫూర్తిగానే అన్నది. మధుమిత కూడా ఒకప్పుడు అంతే మనస్ఫూర్తిగా ఆ మాట అన్నది.

"వద్దు. సంతకం పెట్టొద్దు" అన్నది మధుమిత.

పీజీ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. "మ్యామ్, ఇది మన డిపార్ట్‌మెంట్ స్టడీయే మ్యామ్."

"తెలుసు."

ఆశ వేలు వెనక్కి తీసుకుంది. కిట్టు కింద పెట్టిన సంచిని మళ్లీ చేతికి తీసుకున్నాడు. మధుమిత మందుల చీటీ పూర్తి చేసి ఆశ చేతికిచ్చి, కదలిక ఏమాత్రం తగ్గినట్టు అనిపించినా ఎన్నూరులో కూర్చోకుండా ముందే వచ్చి వార్డులో చేరమని చెప్పింది. తరువాత తలుపు దగ్గర నిలబడ్డ స్త్రీని లోపలికి పిలిచింది.